నెల్లూరు తీరంలో మోటారు విలాసం: యాజమాన్యం, పోషణ, సహవాసం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఖరీదైన వేగవంతమైన కార్ల చరిత్రను సాధారణంగా వాటిని కొన్నవారి చరిత్రగానే చెప్పుకుంటున్నాం. తడ నుంచి కావలి వరకు విస్తరించిన నెల్లూరు తీరాన్ని కేంద్రంగా తీసుకొని, ఈ చరిత్రను యాజమాన్యం, పోషణ, సహవాసం అనే మూడు అంశాలుగా విడదీసి చూడటం ఈ వ్యాస లక్ష్యం. యాజమాన్యం పత్రాలలో నమోదైంది. సహవాసం క్లబ్బుల రూపంలో, పందేల రూపంలో పేరు తెచ్చుకుంది. ఆ రెండింటినీ నిలబెట్టిన పోషణ మాత్రం మేస్త్రీల చేతుల్లోనే ఉండిపోయింది. ఆ మూడో పాయను చేర్చుకోకపోతే ప్రాంతీయ మోటారు చరిత్ర అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నెల్లూరు తీరం, మోటారు చరిత్ర, జమీందారీ, అభ్రకం, షోలవరం, మేస్త్రీ, వింటేజ్ వాహనాలు.

1. ఉపోద్ఘాతం

విలాస వస్తువుల చరిత్ర తెలుగులో తక్కువగా రాయబడింది. చీరల నేత గురించి, నగల గురించి, దేవాలయ వాహనాల గురించి పరిశోధనలు వచ్చినంతగా మోటారు కారు గురించి రాలేదు. కారు పరాయి వస్తువనీ, అది సంపన్నుల సరదా మాత్రమేననీ ఉన్న అభిప్రాయం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయితే ఒక కారు ఒక ఊరికి వచ్చి నిలవాలంటే దారి కావాలి, ఇంధనం కావాలి, విడిభాగం కావాలి, దాన్ని విప్పి బిగించగల మనిషి కావాలి. ఒక ప్రాంతపు ఆర్థిక, సాంకేతిక, సామాజిక స్థితిగతులన్నీ ఆ యంత్రం చుట్టూ చేరతాయి. అందుచేత కారును ఒక చారిత్రక ఆధారంగా చదవవచ్చు.

ఈ వ్యాసంలో ‘నెల్లూరు తీరం’ అన్నది చారిత్రకార్థంలో వాడిన మాట. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. ఆ ప్రాంతాలతో కూడిన పాత నెల్లూరు జిల్లా తీరభాగమే ఇక్కడి పరిధి.

2. దక్షిణాభిముఖమైన తీరం

నెల్లూరు మోటారు చరిత్రకు భూగోళమే తొలి నిర్ణేత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగం. పాలన, న్యాయస్థానం, కళాశాల, వైద్యం అన్నింటికీ మద్రాసే దిక్కు. ఉత్తరాన కృష్ణానది అడ్డు. బెజవాడ వద్ద మోటారు వాహనాలకు శాశ్వతమైన దారి 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయిన తరువాతనే ఏర్పడింది. దక్షిణాన మాత్రం గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు నెల్లూరు నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా నేరుగా మద్రాసు చేరుతుంది. 1899 నాటికి బెజవాడ–మద్రాసు రైలుమార్గం పూర్తయింది. బకింగ్‌హాం కాలువ మీద పడవలు ఉప్పునూ, కట్టెలనూ మద్రాసుకు మోస్తూనే ఉన్నాయి.

అందువల్ల నెల్లూరులో కారు కొనాలనుకున్నవాడు మద్రాసు మౌంట్ రోడ్డు వైపే చూశాడు. అక్కడ 1840లో స్థాపితమైన సింప్సన్ కంపెనీ గుర్రపు బండ్ల తయారీ నుంచి మోటారు బాడీల తయారీకి మారింది. 1903లో ఆ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ ఒక ఆవిరి కారును నిర్మించాడు. అడిసన్ కంపెనీ మోటారు వ్యాపారంలో ప్రసిద్ధి పొందింది. మద్రాసు నగరపు తొలి నమోదు సంఖ్య ఎం.సి.1 గల కారు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌దని మద్రాసు చరిత్రకారులు చెబుతారు. తూర్పు తీర రైలుమార్గ నిర్మాణంతో సంబంధమున్న ఇంజనీరు ఆయన. తరువాత మద్రాసు పోర్టు ట్రస్టు అధ్యక్షుడై, గణితవేత్త శ్రీనివాస రామానుజన్‌కు అండగా నిలిచాడు. రైలునూ, రేవునూ, మోటారునూ ఎరిగిన ఒకే వర్గం ఈ తీరానికి యంత్రయుగాన్ని తెచ్చిందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

3. గుర్రపుశాల నుంచి కారు షెడ్డుకు

తెలుగు నేలపై ఖరీదైన కారుకు తొలి ఆశ్రయం సంస్థానాలు, జమీందారీలు. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారైన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇందులో అత్యంత ప్రసిద్ధమైనది. వెనుక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చి, బార్కర్ సంస్థ దానికి బాడీ కట్టింది. 1911లో ఆయన మరణించగా ఆ కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలానికి చెందినదైంది. దశాబ్దాల కాలంలో అది తిరిగిన దూరం అతి స్వల్పం. యాజమాన్యం పరాకాష్ఠకు చేరినా వినియోగం లేని స్థితికి ఈ కారు సాక్ష్యం. ఇక్కడ కారు వాహనం కన్నా ముందు రాజచిహ్నం.

నెల్లూరు జిల్లాలో అతిపెద్ద జమీందారీ వెలుగోటివారి వెంకటగిరి. అటువంటి ఎస్టేటులో వాహనమంటే తరతరాలుగా ఏనుగు, గుర్రం, పల్లకీ. ఏనుగును ఉంచుకోవడమంటే మావటినీ, మేతనూ, శాలనూ కూడా ఉంచుకోవడమే. జమీందారీ లోకానికి వాహన ‘పోషణ’ అనే భావన కొత్తది కాదు. మోటారు కారు ఆ పాత పదానికే కొత్త అర్థాన్నిచ్చింది. సాయిసు స్థానంలో డ్రైవరు వచ్చాడు, గడ్డి స్థానంలో పెట్రోలు డబ్బా వచ్చింది, శాల షెడ్డయింది. తొలినాళ్ల డ్రైవరు కేవలం బండి తోలేవాడు కాడు. ఇంజను తలను విప్పి మసి గీకడం, ప్లగ్గులు శుభ్రపరచడం, దారిలో పగిలిన ట్యూబుకు అతుకు వేయడం అతని నిత్యకృత్యాలు. మద్రాసు నుంచి విడిభాగం వచ్చేదాకా బండిని ఏదో విధంగా నడిపించడం కూడా అతని పనే.

ఈ విలాసానికి ఆధారం భూమిశిస్తు. నెల్లూరు ‘జమీన్ రైతు’ వారపత్రిక జమీందారీ రైతుల పక్షాన నిలిచింది. కారు దుమ్ము రేపుకుంటూ పోయే దారీ, ఆ దుమ్ములో నిలబడిన రైతూ ఒకే చరిత్రకు చెందినవారు. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం రావడంతో ప్రభుత్వం కూడా కారును శాశ్వత ఆదాయ వనరుగా గుర్తించింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ వ్యవస్థకు ముగింపు పలికింది. శిస్తు ఆదాయం ఆగిపోయాక ముందుగా భారమయ్యేవి పోషణ ఖర్చు గల వస్తువులే. నగను పెట్టెలో దాచవచ్చు. కారును దాచితే తుప్పు పడుతుంది.

4. నెల్లూరు అభ్రకం: వేగంలో దాగిన శ్రమ

నెల్లూరు తీరానికీ వేగవంతమైన కార్లకూ మధ్య ఉన్న మరో సంబంధం యాజమాన్యంతో నిమిత్తం లేనిది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలలో 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి అభ్రకం తవ్వకం సాగింది. ఆకుపచ్చ ఛాయ గల నెల్లూరు అభ్రకం విదేశీ విపణిలో ప్రత్యేకమైన గుర్తింపు పొందింది.

అభ్రకం వేడిని తట్టుకుంటుంది, విద్యుత్తును అడ్డుకుంటుంది, పలుచని రేకులుగా విడివడుతుంది. ఈ మూడు గుణాల వల్ల తొలితరం స్పార్క్ ప్లగ్గులలో విద్యుద్బంధకంగా దానికి స్థానం దొరికింది. సాధారణ పింగాణీ ప్లగ్గు పందెం కార్ల ఇంజను వేడికి చిట్లిపోయేది. బ్రిటిష్ పందెగాడు కెనెల్మ్ లీ గిన్నెస్ ఈ సమస్యకు పరిష్కారంగా అభ్రకంతో ప్లగ్గులు రూపొందించాడు. అతని పేరులోని మొదటి అక్షరాలతో వచ్చిన కె.ఎల్.జి. ప్లగ్గులు పందెం కార్లలో, విమానాలలో విస్తృతంగా వాడబడ్డాయి. పెట్రోలులో సీసం కలపడం మొదలయ్యాక, ఆ సీసం అభ్రకాన్ని దెబ్బతీయడంతో, అల్యూమినా ఆధారిత పింగాణీ క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది.

నాటి ప్రపంచ విపణికి అభ్రకం సరఫరా చేసిన ప్రధాన ప్రాంతాలలో బిహారు, నెల్లూరు ఉన్నాయి. ఫలానా ప్లగ్గులోని రేకు ఫలానా గనిది అని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. యూరపు పందెపు బాటలపై సాధించిన వేగానికి అవసరమైన ముడిపదార్థాల్లో ఒకటి ఈ తీరపు కూలీల చేతుల మీదుగా వెళ్లే వ్యాపారంలో భాగమని గుర్తించడమే ముఖ్యం. రేకులు విడదీసి, అంచులు కత్తిరించి, పరిమాణం ప్రకారం వేరుచేసే పనిలో మహిళల శ్రమ గణనీయం. కారు ముఖం చూడని గ్రామం కూడా కారు చరిత్రలో ఉందనడానికి ఇంతకన్న వేరే నిదర్శనం అవసరం లేదు.

5. దిగుమతుల నియంత్రణ, సినిమా మద్రాసు

స్వాతంత్ర్యానంతరం దేశీయ పరిశ్రమను కాపాడే విధానంలో భాగంగా విదేశీ కార్ల దిగుమతి దాదాపుగా ఆగిపోయింది. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్స్ 1950ల మధ్యకు ఆ పని మానుకుంది. అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ కార్లే మూడు దశాబ్దాల పాటు మధ్యతరగతికీ, సంపన్నులకూ గతి అయ్యాయి. రాయబార కార్యాలయాలవారు వదిలివెళ్లిన విదేశీ కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. షెవర్లే ఇంపాలా వంటి కారు ఊరిలోకి వస్తే జనం చుట్టూ చేరడం ఆ కొరత వల్లనే.

ఈ కాలంలో విలాసపు కారు జమీందారు చేతి నుంచి సినిమా నటుల చేతికి మారింది. అప్పటి తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసులో ఉంది. నటి సావిత్రికి కార్లపైనా, స్వయంగా వేగంగా నడపడంపైనా ఉన్న మక్కువ ప్రసిద్ధం. కారు వెనుక సీటులో కూర్చోవడమే హోదాగా భావించిన సమాజంలో ఒక తెలుగు స్త్రీ చక్రం పట్టుకోవడం సామాజికంగా గమనింపదగినది. ఆనందం కూర్చోవడం నుంచి నడపడానికి మారిన సంధి ఇది.

ఈ కొరతే పోషణ విద్యకు స్వర్ణయుగమైంది. అసలు భాగం దొరకదు కాబట్టి మేస్త్రీ దాన్ని తానే తయారు చేయాలి. మద్రాసులోని పుదుపేట పాత విడిభాగాల అంగళ్లూ, విజయవాడలోని ఆటోనగర్ లేతు షెడ్లూ ఈ అవసరం నుంచే వర్ధిల్లాయి. ఈ రెండింటి నడుమ ఉన్న నెల్లూరు మేస్త్రీకి రెండు దిక్కులూ అందుబాటులో ఉన్నాయి. పిస్టను రింగును మరో బండి నుంచి తెచ్చి సరిపెట్టడం, బుష్షును ఇత్తడితో తిప్పించడం, తగరపు రేకును సుత్తితో కొట్టి మడ్‌గార్డుగా మలచడం గురుశిష్య పరంపరలో సాగిన విద్యలు. వీటికి పాఠ్యపుస్తకం లేదు.

6. షోలవరం: తోటివారి మధ్య వేగం

కారు ఆనందం సమూహంలో పూర్తవుతుంది. నెల్లూరుకు అత్యంత సమీపంలో అటువంటి సమూహం ఏర్పడిన స్థలం షోలవరం. మద్రాసుకు ఉత్తరంగా, నెల్లూరు నుంచి వచ్చే ట్రంక్ రోడ్డు మీదనే, తెలుగువారు గణనీయంగా నివసించే ప్రాంతానికి చేరువలో ఈ ఊరు ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ కట్టిన విమానాల దారి యుద్ధానంతరం పందెపు బాటగా మారింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆధ్వర్యంలో దశాబ్దాల పాటు ఇక్కడ జరిగిన పోటీలు దేశంలోనే ప్రసిద్ధి పొందాయి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత బాట సిద్ధం కావడంతో షోలవరం శకం ముగిసింది.

షోలవరంలో ఒకే ఎండలో రెండు లోకాలు కలిశాయి. దిగుమతి చేసుకున్న ఫార్ములా కార్లతో వచ్చిన సంపన్నులు ఒకవైపు, ఇంట్లోని ఫియట్‌నే తేలికపరచి తెచ్చిన ఔత్సాహికులు మరొకవైపు. పందెం జరిగే రోజు ఎవరి మేస్త్రీ గొప్పవాడో తేలిపోయేది. కొన్న శక్తి కన్నా కూర్చిన శక్తికి విలువ దక్కిన చోటు అది.

ఈ పరిణామంలో తమిళనాడులో స్థిరపడిన తెలుగువారి పాత్ర ప్రత్యేకించి చెప్పదగినది. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) 1920లో ఒక బస్సుతో రవాణా సంస్థను ప్రారంభించి, యంత్రవిద్యను ఒక సంస్కృతిగా మలిచాడు. ఆయన కుటుంబ సంస్థలు నెలకొల్పిన జీడీ కార్ల ప్రదర్శనశాల 2015 నుంచి కోయంబత్తూరులో నడుస్తోంది. అదే నగరంలోని లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ షోలవరం పందెగాళ్లలో అగ్రగణ్యుడు. మారుతి 800 ఇంజనుతో తక్కువ ఖర్చులో ఒంటిసీటు పందెం కారును రూపొందించి, సంపన్నులు కాని యువకులకు పందెపు ద్వారం తెరిచాడు. 1995లో ఆయన మరణించినా, ఆయన వేసిన పునాదిపై కోయంబత్తూరు దేశంలో మోటారు క్రీడలకు ముఖ్యకేంద్రంగా ఎదిగింది. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఆ నగరం నుంచే వచ్చాడు. యాజమాన్యం నిర్మాణంగా మారినప్పుడు దాని ఫలితం ఒక వ్యక్తిని దాటి తరానికి అందుతుందని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

7. రహదారి యుగం

2001 ఏప్రిల్ 1 నుంచి దిగుమతులపై పరిమాణ నియంత్రణలు తొలగాయి. నిషేధం పోయి సుంకం మిగిలింది. పూర్తిగా విదేశంలో తయారైన ఖరీదైన కారుపై సుంకం ఎక్కువగా ఉండటంతో దాని ధర రేవులోనే గణనీయంగా పెరిగేది. 2007లో చెన్నై సమీపంలో బి.ఎం.డబ్ల్యు. కర్మాగారం మొదలైంది. స్వర్ణచతుర్భుజి పథకంలో పాత ట్రంక్ రోడ్డు నాలుగు వరుసల జాతీయ రహదారిగా మారింది. ఒకనాటి ఐదవ నంబరు రహదారి నేడు పదహారవ నంబరు. తడ సమీపంలోని శ్రీసిటీలో 2016లో ఇసుజు వాహనాల తయారీ ఆరంభమైంది. కార్లు దిగుమతి చేసుకున్న తీరం కార్లు తయారుచేసే తీరమైంది.

నేటి యజమానులు జమీందారులు కారు. ఆక్వా సాగు, గుత్తేదారీ, స్థిరాస్తి, విదేశీ ఉద్యోగం వంటి కొత్త సంపద మార్గాలు కారు సంస్కృతిని విస్తరింపజేశాయి. ఆదివారం తెల్లవారుజామున చెన్నై వైపు నుంచి ఉత్తరంగా బృందాలుగా బయలుదేరి, దారిలో ఇడ్లీ, దోసెలతో ఆగి, తోటివారి బండ్ల బానెట్లు ఎత్తి చూసి మధ్యాహ్నానికి తిరిగి వెళ్లడం ఒక అలవాటుగా స్థిరపడింది. గంటకు 300 కిలోమీటర్లు పోగల యంత్రానికి ఈ రహదారిపై చట్టబద్ధమైన పరిమితి 100 కిలోమీటర్లు. 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ బహిరంగ రహదారిపై పందేలను నేరంగా పరిగణిస్తుంది. ఆ రహదారిపైనే గేదెలు దాటుతాయి, పాలవాడు ఎదురు దిశలో వస్తాడు, రొయ్యల లారీ ఆగి ఉంటుంది. కాబట్టి ఇక్కడి అసలు ఆనందం వేగంలో కన్నా సహవాసంలో, శబ్దంలో, మాటల్లో ఉండవలసి వస్తోంది. వేగానికి తగిన చోటు బహిరంగ రహదారి కాదని షోలవరం తరం ఏనాడో గ్రహించింది.

8. ఉప్పుగాలి, వరద, పెట్రోలు

తీరప్రాంతంలో పోషణకు ప్రకృతే తొలి ప్రతిపక్షం. ఉప్పుగాలి క్రింది భాగాలను, విద్యుత్ సంధులను తినివేస్తుంది. నెలల తరబడి కదలని కారుకు టైరు ఒకవైపు చదునవుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. నేలకు దగ్గరగా ఉండే కారుకు గ్రామ రహదారిపై స్పీడ్ బ్రేకరే గండం. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు సమీపంలోని పడుగుపాడు వద్ద జాతీయ రహదారే కోతకు గురై రాకపోకలు నిలిచాయి. అటువంటి వేళ గాలి పీల్చే మార్గం ద్వారా నీరు ఇంజనులోకి చేరితే, నీరు గాలిలా కుదించబడదు కనుక, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంధనం మరో సమస్య. సాధారణ పెట్రోలు చాలాకాలం 91 ఆక్టేన్‌గా ఉండగా, అధిక పీడనంతో పనిచేసే ఇంజనుకు అంతకు మించినది కావలసి వచ్చేది. 100 ఆక్టేన్ పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో కొన్ని నగరాలలో మాత్రమే ప్రవేశపెట్టింది.

పాత మేస్త్రీ చెవి ఆనించి ఇంజను రోగాన్ని చెప్పేవాడు. నేటి కారు తన రోగాన్ని కంపెనీ కంప్యూటరుకే చెబుతుంది. అందువల్ల నెల్లూరు యజమాని మరమ్మతు కోసం మళ్లీ చెన్నై వైపే చూడవలసి వస్తోంది. నూరేళ్ల తరువాత కూడా పోషణ దిశ మారలేదు. మారిందల్లా స్థానిక మేస్త్రీకి అందులో ఉన్న వాటా.

9. ఆధారాలు – కర్తవ్యం

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు నిబంధనలు తెచ్చింది. తొలి నమోదు నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచిన వాహనాలకు ‘వి.ఏ.’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య లభిస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు చేసిన వాహనం ఈ గుర్తింపుకు అర్హం కాదు. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. కొరత కాలంలో అసలు భాగాన్ని మార్చి కారును బతికించిన మేస్త్రీ పనే నేడు ఆ కారు అనర్హతకు కారణం కాగలదు. చట్టం వస్తువు స్వచ్ఛతను చూస్తుంది. చరిత్రకారుడు ఆ అతుకులోని నైపుణ్యాన్ని కూడా చూడాలి.

నమోదు సంఖ్యలు కూడా ఆధారాలే. 1989 తరువాత ఏ.పి.26 అంటే నెల్లూరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏ.పి.39 అన్న ఉమ్మడి సంకేతం రావడంతో కొత్త బండి పలక ఊరి పేరు చెప్పడం మానేసింది. కాబట్టి పాత నమోదు పుస్తకాలు, పన్ను రశీదులు, ఎస్టేటు లెక్కలు, స్థానిక పత్రికల ప్రకటనలు భద్రపరచవలసిన సామగ్రి. వాటికన్నా తొందరపడవలసింది మౌఖిక చరిత్ర విషయంలో. దిగుమతుల నియంత్రణ కాలంలో పని నేర్చిన మేస్త్రీలు వృద్ధులయ్యారు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలిసిన వారి వృత్తి పదజాలం మాండలిక పరిశోధకులకు కూడా విలువైన గని.

10. ముగింపు

నెల్లూరు తీరంలో ఖరీదైన కారు చేతులు మారుతూ వచ్చింది. జమీందారు నుంచి నటునికి, నటుని నుంచి వ్యాపారికి చేరింది. ప్రతి మార్పులోనూ యజమాని పేరు మిగిలింది, మేస్త్రీ పేరు రాలిపోయింది. నిజాం సింహాసనపు కారు కదలని యాజమాన్యానికి ప్రతీక. షోలవరం బాట కూర్చిన వేగానికి ప్రతీక. అభ్రకపు రేకు కనిపించని శ్రమకు ప్రతీక. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చదివినప్పుడే విలాసం కూడా సామాజిక చరిత్రలో భాగమవుతుంది. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు తమ పరిసరాల్లోని షెడ్ల నుంచే ఈ సేకరణను మొదలుపెట్టవచ్చు.